వీరాస్వామయ్య నడిచిన దారి డిజిటల్ మ్యాపు మీద: 1830 నాటి కాశీయాత్రను మజిలీ మజిలీగా గుర్తించే పద్ధతి

ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉద్యోగం చేసిన మనిషి. 1830 మే 18న పరివారంతో చెన్నపట్నం నుంచి బయల్దేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరాడు. తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీ చూసి, గంజాం నుంచి కోస్తా వెంట దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలోని సంగతులన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఎప్పటికప్పుడు రాసి పంపాడు. ఆయన పోయాక 1838లో పిళ్లై వాటిని అచ్చు వేయించాడు. అదే కాశీయాత్ర చరిత్ర.

మ్యాపు గీయడానికి ఇంతకంటే అనువైన తెలుగు దినచర్య దొరకడం కష్టం. ఏ ఊళ్లో దిగాడు, ఎంత దూరం నడిచాడు, దారి ఇసుకా రాయా అడవా, నీళ్లు ఎక్కడ ఉన్నాయి, ఏ వాగు అడ్డం వచ్చింది వంటివన్నీ ఇందులో ఉన్నాయి. ఈ మార్గదర్శి దాన్నే ఉదాహరణగా తీసుకుంటుంది. పద్ధతి మాత్రం పాత దినచర్య దేనికైనా సరిపోతుంది.

మొదటే ఒక నియమం పెట్టుకోండి: ఆధారం రాయకుండా ఒక్క చుక్క కూడా పెట్టొద్దు. తెరమీద అన్ని చుక్కలూ ఒకేలా కనిపిస్తాయి. ఖాయంగా తెలిసిన హైదరాబాదూ, ఊహించి పెట్టిన ఒక పల్లే చూసేవాడికి ఒకే బరువుతో కనబడతాయి. ఆ తేడాను మ్యాపులోనే చూపించగలగడం ఈ పనిలో సగం.

మొదటి మెట్టు: పాఠాన్ని సిద్ధం చేసుకోవడం

కాశీయాత్ర చరిత్ర 1838, 1869ల్లో అచ్చయ్యాక, 1941లో దిగవల్లి వేంకటశివరావు సంపాదకత్వంలో మళ్లీ వచ్చింది. తెలుగు వికీసోర్స్‌లో పూర్తి పాఠం పేజీ చిత్రాలతో సహా దొరుకుతుంది. పాఠం ఒక్కటే కాపీ చేసుకుని పని మొదలుపెట్టకండి. పక్కనే ఉన్న పేజీ చిత్రంతో ఊరి పేర్లను ఒక్కొక్కటిగా సరిచూడండి. వాక్యంలో ఒక అక్షరం తప్పుపడితే అర్థం చాలావరకు నిలుస్తుంది, ఊరి పేరులో తప్పుపడితే వెతుకులాట వేరే జిల్లాకు పోతుంది. డ–ద, ప–వ, ఘ–ఝ ఎక్కువగా తారుమారయ్యే జంటలు.

సంపాదకుడి వ్యాఖ్యలనూ యాత్రికుడి మాటలనూ కలపకూడదు. అధోజ్ఞాపికల్లో కనిపించే జిల్లాలు, తాలూకాలు 1941 నాటివి. అవి ఊరిని వెతకడానికి పనికొస్తాయి గానీ 1830కి సాక్ష్యం కావు. రెంటికీ పట్టికలో వేరే గడులు పెట్టండి.

చదువుతూ ప్రతి స్థలనామానికీ ఈ మూడింటిలో ఒక గుర్తు వేయండి: రాత్రి మజిలీ చేసిన ఊరు, దారిలో దాటిపోయిన ఊరు, కేవలం ప్రస్తావించిన ఊరు. వీరాస్వామయ్య ఒక క్షేత్రం గురించి విన్నది కూడా వివరంగా రాస్తాడు. ఆ వర్ణన చూసి అక్కడికి వెళ్లాడనుకుంటే గీత పక్కదారి పడుతుంది. "ప్రవేశించినాను", "దిగినాను" లాంటి క్రియలు ఉన్నచోటే మజిలీ అనుకోండి. మిగతావాటికి సందర్భం చూడాలి.

రెండో మెట్టు: పట్టిక

రెండు పట్టికలు కావాలి. ఒకటి స్థలాలది, రెండోది సంఘటనలది. కారణం సులువే. శ్రీశైలం వెళ్లి మళ్లీ ఆత్మకూరు వైపే దిగివచ్చినప్పుడు స్థలం ఒక్కటే అయినా అక్కడ ఉన్న సందర్భాలు రెండు. ఒకే పట్టికలో పెడితే ఏదో ఒకటి పోతుంది.

స్థలాల పట్టికలో ఈ గడులు ఉంటే చాలు: వరుస సంఖ్య, పుస్తకంలోని రూపం ఉన్నదున్నట్టు, ఇప్పటి పేరు, ఇప్పటి మండలం, జిల్లా, లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడు (ప్రభుత్వం ప్రతి గ్రామానికీ ఇచ్చిన సంఖ్య), అక్షాంశం, రేఖాంశం, నమ్మకం స్థాయి, ఆధారం. సంఘటనల పట్టికలో: తేదీ, వారం, స్థలం సంఖ్య, మజిలీ రకం, చెప్పిన దూరం, దాని కొలమానం, ప్రయాణ సాధనం, పుస్తకంలోని వాక్యం, పేజీ.

గ్రామ కోడు తప్పనిసరి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మండలాలూ మారుతూనే ఉన్నాయి. పేరూ జిల్లా మాత్రమే రాసి పెట్టుకున్న పట్టిక కొన్నేళ్లకే గందరగోళం అవుతుంది. కోడు ఉంటే దాన్ని పట్టుకుని మళ్లీ సరిచేసుకోవచ్చు.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. ఎక్సెల్ 1900కు ముందున్న తేదీలను తేదీలుగా గుర్తించదు. 1830-05-18 అని కొడితే ఉత్త పాఠంగానే ఉంచుకుంటుంది, తీసివేతలూ వరుసలూ పనిచేయవు. లిబ్రాఫీస్ కాల్క్ ఈ తేదీలను బాగానే తీసుకుంటుంది. ఎందులో పనిచేసినా సంవత్సరం, నెల, రోజు మూడు గడుల్లో అంకెలుగా ఇంకోసారి రాసి ఉంచండి. ఫైలు ఏ ప్రోగ్రాంలోకి మారినా అవి చెడవు.

తేదీతో పాటు వారం ఇచ్చిన చోట రెంటినీ పోల్చి చూడండి. 1830 మే 18 మంగళవారం. పుస్తకంలో కుజవారం అని ఉంటుంది, సరిపోయింది. 1831 సెప్టెంబరు 3 శనివారం. ఎక్కడైనా వారం, తేదీ పొసగకపోతే తప్పు అచ్చులోదో, పేజీ ఎత్తిరాయడంలోదో, లేదా ఉత్తరం రాసిన రోజుకీ ఊరు చేరిన రోజుకీ మధ్య తేడానో తేల్చాలి. ఇవి ఉత్తరాలుగా పుట్టిన పుట్టుక మరవొద్దు. నాలుగైదు రోజుల ప్రయాణం ఒకే చోట కుప్పగా వచ్చి, తేదీ ఆ కుప్ప మొదట్లోనో చివర్లోనో ఒక్కసారే కనబడే భాగాలుంటాయి. అలాంటిచోట మధ్య తేదీలను మీరు లెక్కగట్టినట్టు పట్టికలో రాయండి.

మూడో మెట్టు: ఊరిని పట్టుకోవడం

అసలు శ్రమ ఇక్కడే. పేర్ల జాబితా మొత్తాన్ని పేరు చూసి స్థానం ఇచ్చే ఆటోమేటిక్ జియోకోడింగ్‌కు వేసి వచ్చినవి తీసుకోవడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. యంత్రం ఆ పేరుతో ఉన్నవాటిలో పెద్ద ఊరినో, ఎక్కువమంది వెతికేదాన్నో ఇస్తుంది.

ఆత్మకూరునే చూడండి. నల్లమల అంచున నంద్యాల జిల్లాలో ఒకటుంది. కృష్ణ దాటాక వనపర్తి జిల్లాలో ఇంకొకటి. నెల్లూరు జిల్లాలో మరొకటి. మూడూ ఈ యాత్ర దారికి దరిదాపుల్లోనే ఉన్నాయి. మొదటిది శ్రీశైలం వెళ్లే దారిలోది, రెండోది నది అవతలి ఒడ్డుది, మూడోది తిరుగుదారి ప్రాంతంలోది. పేరు ఒక్కటే చూస్తే ఏదైనా సరైనదే అనిపిస్తుంది. బాలానగర్ కూడా అంతే. జడ్చర్లకూ షాద్‌నగర్‌కూ మధ్య ఒక బాలానగర్, హైదరాబాదులో పరిశ్రమలకు పేరుపడ్డ బాలానగర్ ఇంకొకటి. వెతుకు పెట్టెలో కొడితే ముందు వచ్చేది నగరంలోదే.

అందుకే ఊరిని ఒంటరిగా వెతకొద్దు. ముందు మేకులు దిగ్గొట్టండి. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల్, నాగపూరు లాంటివి సందేహం లేని స్థలాలు. రెండు మేకుల మధ్య ఉన్న మజిలీలను వరుసగా రాసుకుని, ఇటునుంచి ముందుకూ, అటునుంచి వెనక్కూ నడుస్తూ నింపండి. ఏ ఊరైనా మూడు పరీక్షలకు నిలబడాలి: పేరు పోలిక, ముందూ వెనకా మజిలీలతో దూరం, పుస్తకంలో చెప్పిన నేల గుర్తు. రెండే నిలిస్తే "దాదాపు ఖాయం" అని రాయండి. ఒకటే నిలిస్తే అది అంచనా.

పేరు పోలికకు కొన్ని సూచనలు. తండయారువీడు అంటే ఇప్పటి చెన్నై ఉత్తరభాగంలోని తండయార్‌పేట. ఇలా ఊరి పేరు చివరి ముక్క మారడం చాలా మామూలు. వీడు–పేట, పల్లె–పల్లి, పురం–పూర్, నగరం–నగర్ అన్నిటినీ విడివిడిగా వెతకండి. ఫరూఖ్‌నగర్ పక్కన పెరిగిన షాద్‌నగర్‌దే ఇవాళ పెద్ద పేరు. ఇందూరు నిజామాబాద్ అయ్యింది, పాలమూరు మహబూబ్‌నగర్ అయ్యింది. పాత ఇంగ్లీషు పటాల్లో ఇదే ఊరు చెవికి వినబడినట్టు రాసి ఉంటుంది కాబట్టి, పేరును పైకి పలికి చూసి పోల్చాలి. అక్షరం అక్షరం పోల్చితే దొరకదు.

కంప్యూటర్‌లో తెలుగు పేర్లు వెతికేటప్పుడు కనిపించని ఒక శత్రువు ఉంది. ఫరూఖ్‌నగర్ అన్నప్పుడు ఖ్ తర్వాత న విడిగా నిలబడటానికి మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి చేరుతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒక పట్టికలో అది ఉండి, ఇంకోదానిలో లేకపోతే రెండు పేర్లూ వేరని యంత్రం తేలుస్తుంది. పోల్చే ముందు రెండు పట్టికల్లోనూ దాన్ని తీసేసిన ఒక నకలు గడి తయారుచేసుకోండి. చూపించడానికి అసలు రూపం, పోల్చడానికి నకలు.

వెతకడానికి తెలుగు వికీపీడియా గ్రామ పేజీలు మంచి ఆసరా. చాలా ఊళ్ల పేజీల్లో వీరాస్వామయ్య ఆ ఊరి గురించి రాసిన మాటలను చరిత్ర విభాగంలో చేర్చారు. దాన్ని దారి చూపే గుర్తుగా తీసుకోండి, తీర్పుగా కాదు. ఆ పేజీ రాసినవారు కూడా పేరు పోలికతోనే చేర్చి ఉండవచ్చు. తర్వాత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, జియోనేమ్స్, జనాభా లెక్కల గ్రామ డైరెక్టరీ చూడండి. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో లాగిన్ అయితే 1:50,000 షీట్లు పీడీఎఫ్‌గా దొరుకుతాయి. చెరువుల పేర్లు, పాడుపడ్డ కోటలు, గుట్టల పేర్లు వాటిలో ఉన్నంతగా గూగుల్‌లో ఉండవు.

నాలుగో మెట్టు: దూరాల లెక్క

పుస్తకంలో దూరాలు ఆమడల్లోనూ కోసుల్లోనూ వస్తాయి. నిఘంటువులో ఉన్న ఒక విలువ పట్టుకుని అన్నిచోట్లా గుణించేయడం పొరపాటు. ప్రాంతాన్ని బట్టి కోసు పొడుగు మారేది. దారిలో అడిగి తెలుసుకున్న దూరానికీ, నిజంగా నడిచిన దూరానికీ కూడా పొంతన ఉండకపోవచ్చు.

ఆ పుస్తకం నుంచే కొలమానం రాబట్టాలి. ఒక ప్రాంతంలో రెండు కొసలూ ఖాయంగా తెలిసిన అడుగులు (ఒక మజిలీ నుంచి తర్వాతి మజిలీకి చేసిన ప్రయాణాలు) ఎనిమిదో పదో తీసుకోండి. పాత పటం మీద బాట వెంబడి కొలిచి, పుస్తకం చెప్పిన దూరంతో భాగించండి. వచ్చిన విలువలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టి మధ్యది తీసుకోండి. సగటు వద్దు, ఒక్క తప్పు ఊరు సగటును లాగేస్తుంది. లెక్క తీరు చూపడానికి మాత్రం ఒక ఊహ: మధ్య విలువ ఆమడకు 13 కిలోమీటర్లు అని తేలి, ఒక్క అడుగులో మాత్రం 22 వస్తే, ఆ ఊరి గుర్తింపును మళ్లీ తెరవాలి. ఈ లెక్కను చెన్నపట్నం–కడప, కర్నూలు సీమ, నిజాం రాజ్యం, నాగపూరు దాటిన ఉత్తర భాగం అని విడివిడిగా చేయండి. కలిపి చేస్తే పనికిరాదు.

పాత పటం లేనిచోట నేరు దూరాన్ని 1.2 నుంచి 1.3తో గుణిస్తే మైదానంలో బాట దూరానికి దగ్గరగా వస్తుంది. కొండల్లో ఈ గుణకం చెల్లదు. బోయీలు, కావళ్లు, సామాన్లతో పెద్ద పరివారం కదిలే యాత్ర ఇది. ఒక రోజులో 40 కిలోమీటర్లు దాటిన అడుగు వస్తే ముందు మీ ఊరిని అనుమానించండి.

ఐదో మెట్టు: పాత పటాన్ని నేలకు అతికించడం

ఇప్పటి మ్యాపు ఒక్కదానితో చేస్తే యాత్రికుడికి తెలియని రోడ్ల మీద, అప్పటికి లేని వంతెనల మీదుగా గీత నడుస్తుంది. 1830కి దగ్గరి పటాలు కావాలి. దక్షిణానికి పటాల తయారీదారు ఆరోస్మిత్ 1822లో వెలువరించిన దక్షిణ భారత అట్లాసు ఉంది. 1827 నుంచి అచ్చవుతూ వచ్చిన ఇండియన్ అట్లాస్ షీట్లు ఇంకో పెద్ద వనరు. ఇవి అంగుళానికి 4 మైళ్ల లెక్కన గీసినవి. బెంగాలు వైపు గంగకు సర్వేయరు రెన్నెల్ పటాలు. డేవిడ్ రమ్సీ ఆన్‌లైన్ పటాల సేకరణలో ఇలాంటివి ఎన్నో పెద్ద సైజులో దొరుకుతాయి. దీనికి తోడు 1950ల్లో అమెరికా సైన్యం అచ్చువేసిన 1:250,000 షీట్లు టెక్సస్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. మన పెద్ద జలాశయాలు చాలావరకు రాకముందటి నేలను చూపించడం వీటి విలువ.

క్యూజీఐఎస్‌లో (ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్) జియోరిఫరెన్సర్ అనే పనిముట్టు ఈ అతికించే పని చేస్తుంది. కొత్త వెర్షన్లలో లేయర్ మెనూ కింద, పాతవాటిలో రాస్టర్ మెనూ కింద ఉంటుంది. పటం తెరిచి, దానిమీద ఒక చోటును నొక్కి, అదే చోటును ఇప్పటి మ్యాపు మీద చూపించాలి. ఇలా ప్రతి షీటుకు కనీసం 10 నుంచి 15 చోట్లు ఇవ్వండి. పటాన్ని ఆ చోట్లకు సరిపెట్టే గణిత సూత్రాల్లో ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్‌కు 3 చాలు, సెకండ్ ఆర్డర్‌కు 6 కావాలి. కానీ అంతే ఇస్తే తప్పు ఎంతో తెలిపే లెక్క రాదు, అన్నీ సరిగ్గా కూర్చున్నట్టే కనబడుతుంది.

ఏ చోట్లు ఎంచుకోవాలన్నది ముఖ్యం. గుడి గోపురాలు, కోట బురుజులు, గుట్టల శిఖరాలు, పాత చెరువుకట్ట కొసలు మంచివి. బాలకొండ కోట, గోల్కొండ, అహోబిలం లాంటివి ఇలా పనికొస్తాయి. నది వంపులు వద్దు, అవి కదులుతాయి. ఊరి పేరు రాసిన అక్షరాల మీద నొక్కొద్దు, పేరు పక్కనున్న చిన్న వృత్తం మీద నొక్కాలి. చోట్లన్నీ షీటు నాలుగు మూలలకూ పరుచుకోవాలి, ఒకే మూలన గుంపుగా ఉంటే మిగతా భాగం మెలిపడుతుంది.

పటం అంచున ముద్రించిన అక్షాంశ రేఖాంశాలను నమ్మి అతికించడం చాలామంది చేసే పని. ఇక్కడ దెబ్బతింటారు. మన సర్వే పటాలకు రేఖాంశం మదరాసు అబ్జర్వేటరీ నుంచి లెక్కగట్టారు. ఆ అబ్జర్వేటరీ రేఖాంశాన్నే చాలాకాలం దాదాపు రెండున్నర నిమిషాలు ఎక్కువగా తీసుకున్నారు. హైదరాబాదు అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్లకు పైనే. షీటంతా ఒక్క కట్టగా తూర్పు–పడమరల్లో జరిగి ఉంటే కారణం ఇదే. అంచు గీతలు వదిలేసి నేలమీది గుర్తులతో అతికిస్తే ఈ తేడా దానంతటదే పోతుంది.

ఎంత తప్పు సహించవచ్చు? ఇండియన్ అట్లాస్ షీటు మీద ఒక మిల్లీమీటరు అంటే నేలమీద 253 మీటర్లు. 300 డీపీఐ స్కాన్ అయితే ఒక పిక్సెల్ సుమారు 21 మీటర్లు. సగటు తప్పు 500 మీటర్ల లోపు వస్తే మంచి ఫలితం. ఆరోస్మిత్ పటానికి కిలోమీటరు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏదో ఒక్క చోటు మాత్రం మూడు కిలోమీటర్లు చూపిస్తే దాన్ని వెంటనే తుడిచేయకండి. మీరు తప్పు ఊరిని నొక్కారేమో, లేదా ఊరే పాత చోటు వదిలి కొత్త చోట కట్టుకున్నదేమో చూడండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో సూత్రం వాడితే తప్పులన్నీ మాయమైనట్టు సున్నాలు కనిపిస్తాయి. అది పటాన్ని రబ్బరులా సాగదీసి మీరిచ్చిన చోట్లకు అతికిస్తుంది, మీ పొరపాట్లను కూడా అలాగే అతికిస్తుంది. ముందు పాలినామియల్‌తో తప్పులు ఏరి, చివర్లో అవసరమైతేనే అటు వెళ్లండి.

దూరాలు కొలిచేటప్పుడు మీటర్లలో కొలిచే యూటీఎం ప్రొజెక్షన్‌లోకి మార్చుకోవాలి. చెన్నై నుంచి కాశీ దాకా 44వ జోన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవాల్సిన కోడు ఈపీఎస్‌జీ 32644. పాట్నా, గయ, కలకత్తా, పూరీలు 45వ జోన్, 32645. తిరుగుదారిలో విశాఖపట్నానికి వచ్చేసరికి మళ్లీ 44.

ఆరో మెట్టు: నీటి కింద ఉన్న దారి

శ్రీశైలం నుంచి కృష్ణ దాటి పాలమూరు సీమలోకి వెళ్లిన భాగం ఈ యాత్ర మొత్తంలో ఎక్కువ జాగ్రత్త కోరేది. నివృత్తి సంగమం, అంటే సప్తనదుల సంగమేశ్వరం, ఇవాళ శ్రీశైలం జలాశయంలో ఉంది. ఏటా వేసవిలో నీరు తగ్గినప్పుడు గుడి బయటపడి, వానలకు మళ్లీ మునిగిపోతుంది. చుట్టుపక్కల పల్లెలు ఖాళీ అయి వేరేచోట వెలిశాయి. ఇప్పటి మ్యాపులో ఆ పేరుతో కనిపించేది పునరావాస గ్రామం అయ్యుండవచ్చు. దాని మీద చుక్క పెడితే 1830 నాటి ఊరు కిలోమీటర్ల దూరం జరిగినట్టే.

ఎత్తుపల్లాలకు అందరూ వాడే ఎస్ఆర్‌టీఎం డేటా 2000 ఫిబ్రవరిలో తీసినది. అప్పటికే జలాశయంలో నీరుంది. అందులో కనిపించేది నీటి పైతలం, కింది లోయ కాదు. ఆ డేటా మీద దారి లెక్కగట్టమంటే నీటిమీద చదునుగా గీత గీసేస్తుంది. దీనికి మందు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి, పైన చెప్పిన 1950ల సైనిక షీట్లు. రెండోది, జలాశయం రాకముందు ఆకాశం నుంచి తీసిన చిత్రాలు. 1960ల నాటి కరోనా నిఘా ఉపగ్రహ చిత్రాలు 1995లో బహిరంగమయ్యాయి. అమెరికా జియలాజికల్ సర్వే ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతికితే, స్కాన్ అయినవి ఉచితంగా దించుకోవచ్చు. 1972లో మొదలైన లాండ్‌శాట్ చిత్రాలు అంత స్పష్టంగా ఉండవు గానీ నది అసలు పాయను చూపించడానికి సరిపోతాయి. కరోనా చిత్రాల కొసలు వంగి ఉంటాయి కాబట్టి మొత్తం పట్టీని ఒకేసారి అతికించకుండా, కావలసిన ముక్క కోసుకుని దానికే చోట్లు ఇవ్వండి.

నల్లమల ఎక్కుడు భాగానికి మాత్రం నేలే ఇప్పటికీ సాక్షి. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట ఇంకా బతికే ఉంది. ఉగాది, శివరాత్రి వేళల్లో కన్నడ సీమ నుంచి వచ్చే భక్తులు దాని మీదే నడుస్తారు. ఆ నడిచినవారి ఫోన్ నమోదు చేసిన దారి (జీపీఎక్స్ ట్రాక్) దొరికితే అది ఏ లెక్కకన్నా మేలు. దొరక్కపోతే క్యూజీఐఎస్‌తో వచ్చే గ్రాస్ పనిముట్లలో ఆర్ వాక్‌తో ఖర్చు పొర (ఎక్కడ నడవడానికి ఎంత శ్రమో చూపే పొర) చేసి, ఆర్ డ్రెయిన్‌తో తక్కువ శ్రమ దారి గీయించవచ్చు. వచ్చిన గీత భీముని కొలను దగ్గర మెట్లదారిని తాకుతుందో లేదో చూస్తే లెక్క ఎంత నమ్మదగినదో తెలిసిపోతుంది. నేలమీదికి వెళ్లి చూడాలనుకుంటే ఇది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

గంగ మీద పడవ ప్రయాణాన్ని సన్న గీతగా గీయకండి. నది రెండు శతాబ్దాల్లో చాలా జరిగింది. రెన్నెల్ పటంలోని పాయను ఒక అంచుగా, ఇప్పటి పాయను ఇంకో అంచుగా తీసుకుని మధ్య వెడల్పాటి పట్టీ వేయండి. రేవు ఊళ్లను మాత్రమే చుక్కలుగా ఉంచండి. భాగీరథి మొదలు దగ్గర 1975 నాటి ఫరక్కా బ్యారేజీ, దాని కాలువ ఇప్పటి మ్యాపులో కనిపిస్తాయి. యాత్రికుడి పడవను ఆ కాలువలో నడిపించొద్దు.

ఏడో మెట్టు: గీయడం, చూపించడం

పనిచేసే ఫైలును మ్యాపు డేటా ఫైలు రకాల్లో ఒకటైన జియోప్యాకేజ్‌లో ఉంచండి, షేప్‌ఫైల్ వద్దు. షేప్‌ఫైల్‌లో గడి పేరు పది బైట్లకు మించకూడదు. తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. అంటే గడి పేరుకు మూడు సంకేతాలు మిగులుతాయి. గడిలో రాసే పాఠం 254 బైట్లతో ఆగిపోతుంది, పుస్తకంలోని వాక్యం ఎత్తి రాస్తే మధ్యలో తెగుతుంది. సీఎస్‌వీ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలై వస్తుంది. అక్షరాలు విడిపోయి కనిపిస్తే లేబుల్ ఫాంటును నోటో సాన్స్ తెలుగుకు మార్చి చూడండి.

నమ్మకం స్థాయి రంగులో కాకుండా ఆకారంలో చూపించండి. ఖాయమైతే నిండు చుక్క, దాదాపు ఖాయమైతే బోలు చుక్క. అంచనా అయితే ఆ ఊరు ఎంత పరిధిలో ఉండవచ్చో అంత వృత్తం. రంగు అచ్చులో పోతుంది, రంగులు తేడా తెలియని వారికి అసలే కనబడదు. గీతకూ అంతే. పాత పటంలో కనిపించే బాట అయితే నిండు గీత, లెక్కగట్టిన దారి అయితే తెగిన గీత. ఏమీ తెలియని చోట ఖాళీ వదలండి. రెండు మజిలీలను ఊరికే సరళరేఖతో కలిపితే ఆ సరళరేఖే దారి అనుకుని రేపు ఎవరో వ్యాసంలో రాస్తారు.

అడుగున ఇప్పటి రాష్ట్రాల సరిహద్దులు పరవొద్దు. 1830లో కర్నూలు నవాబు ఏలుబడి ఇంకా ఉంది, అది కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి పోయింది 1839లో. హైదరాబాదు నిజాముది, నాగపూరు భోంస్లేలది. వీరాస్వామయ్య సుంకాల గురించీ చెల్లే రూపాయల గురించీ రాసిన మాటలు ఈ హద్దులు ముందుంటేనే అర్థమవుతాయి. ఇప్పటి జిల్లాలు కావాలంటే వేరే పొరగా, మొదట ఆపేసి ఉంచండి.

కాలక్రమంలో కదిలించి చూపడానికి క్యూజీఐఎస్ టెంపోరల్ కంట్రోలర్ సరిపోతుంది. వెబ్‌లో పెట్టడానికి యూమ్యాప్ సులువు, మ్యాపు డేటాను జియోజేసన్ ఫైలుగా ఎక్కిస్తే చాలు. గూగుల్ మై మ్యాప్స్ తీసుకుంటే పది పొరలు, ఒక్కో పొరకు రెండు వేల వరుసల పరిమితి ఉంది. ఈ యాత్రకు అది చాలు గానీ చుక్కల ఆకారాల మీద మీకు పట్టు తక్కువ. గూగుల్ మ్యాపులోంచి తీసిన స్థానాలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. మునిగిపోయిన ఊరి పాత చోటు లాంటివి అక్కడ చేర్చాలంటే కాపీరైటు గడువు తీరిన పాత పటం నుంచి తీసినదై ఉండాలి.

మ్యాపుతో పాటు రెండు పట్టికలనూ అందరూ దించుకునేలా పెట్టండి. ప్రతి చుక్క నొక్కితే పుస్తకంలోని వాక్యం, పేజీ, గుర్తింపుకు ఆధారం కనబడాలి. ఆ ఊరివాళ్లు చూసి "ఇది మా ఊరు కాదు, పాత ఊరు చెరువు అవతల ఉండేది" అని చెప్పడానికి వీలుండాలి. అలాంటి దిద్దుబాటు వచ్చినప్పుడు పాత స్థానాన్ని చెరిపేయకుండా, తేదీ వేసి కొత్త వరుస చేర్చి, మార్పు ఏ ఆధారంతో జరిగిందో పక్కనే రాయండి.